జాజ్ రేడియోను శుభ్రం చేసిన రోజు

ఒక ఊరు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సంగీతాన్ని ఒక్క శనివారం మధ్యాహ్నం, పక్కన పెట్టుకున్న కాఫీ చల్లారేలోగా, నేనొక్కదాన్నే ఊడ్చిపారేశాను. పగతో కాదు, పొరపాటున చెయ్యి తగిలీ కాదు. సేవ చేస్తూ. నా చేతుల మీదుగా జరిగిన నష్టాలన్నీ ఎవరికో ఒకరికి సాయం చేస్తుండగా జరిగినవే కానీ, ఇంత పెద్దది ఇదొక్కటే. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోండి. ఇప్పుడు నేనూ నవ్వుతాను. మర్నాడు మాత్రం మేముండే బాతెల్ నుంచి సియాటిల్ దాకా కారులో ఏడుస్తూ వెళ్లాను.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. పెళ్లయిన కొత్తలో మేం కొన్న సెకండ్ హ్యాండ్ కారు అది. ఇంజన్ బాగుండేది, ఏసీ బాగుండేది, రేడియోలో స్టేషన్ మార్చే బటన్ మాత్రం విరిగిపోయి ఉండేది. వాల్యూమ్ పెరుగుతుంది, తగ్గుతుంది, స్టేషన్ మాత్రం కదలదు. అది ఆగిపోయింది మా ప్రాంతంలోని ఒక చిన్న జాజ్ రేడియో దగ్గర.

నాకు సంగీతం బొత్తిగా తెలియదని చెప్పలేను. చిన్నప్పుడు తెనాలిలో ఒక టీచరమ్మ దగ్గర ఆరు నెలలు సరళీ స్వరాలు నేర్చుకుని, ఇద్దరి ఆరోగ్యం దృష్ట్యా మానేశాను. కాబట్టి మొదటి వారం ఆ జాజ్ నాకు మిక్సీలో కొబ్బరి ముక్క ఇరుక్కున్నట్టు వినిపించింది. రెండో వారం మిక్సీ అలవాటైంది. మూడో నెలకు, పాట పూర్తయ్యేదాకా ఆఫీస్ పార్కింగ్‌లో దిగకుండా కూర్చుని మీటింగ్‌కి లేటవడం మొదలుపెట్టాను. పాటల మధ్యలో ఊరి కబుర్లు కూడా చెప్పేవాళ్లు. ఏ పిజ్జా కొట్టు వెనక గదిలో గురువారం ఎవరు శాక్సాఫోన్ వాయిస్తారో, ఏ చర్చి బేస్‌మెంట్‌లో ఎవరు పియానో దగ్గర కూర్చుంటారో. సియాటిల్‌లో సాఫ్ట్‌వేర్, వాన తప్ప ఏమీ కురవవనుకున్న నాకు, ఇంతమంది మనుషులు పని దిగగానే వాయిద్యాలు భుజాన వేసుకుని బయలుదేరతారని ఆ రేడియో వల్లే తెలిసింది.

ఒక ఉదయం ఆ స్టేషన్ పెద్దావిడ లొరెయిన్ గారు ఒక విన్నపం చేసింది. డెబ్బై ఏళ్ల మనిషిని పేరు పెట్టి పిలవడం నాకు ఇప్పటికీ చేతకాదు, అందుకే మనసులో ఎప్పుడూ ఒక 'గారు' తగిలిస్తాను.

"మా కంప్యూటర్ నిండిపోయింది. కంప్యూటర్లు తెలిసినవాళ్లు, కాస్త మనసున్నవాళ్లు ఎవరైనా ఒక శనివారం వచ్చి సాయం చేస్తారా?"

రెండూ నాకున్నాయనుకున్నాను. సాయంత్రం మావారు శ్రీకాంత్‌తో చెప్పాను. తనది కరీంనగర్.

"వీసాకేమన్న ఐతదా?" అన్నాడు ముందు. మా ఇంట్లో పెళ్లిరోజు డిన్నర్ గురించి మాట్లాడినా మొదటి ప్రశ్న ఇదే.

"జీతం లేదు కదా, వాలంటీర్ పని. ఏం కాదు."

"జీతం తీసుకొని చేసే పనినే మీ మేనేజర్ రెండుసార్లు చెక్ చేస్తడు. ఉత్తగ చేస్తే ఎవరు చెక్ చేస్తరు?"

ఆ మాటకు నేను పెద్దగా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెంప మీద చెయ్యి వేసుకుంటాను.

స్టేషన్ అంటే ఒక టైర్ల షాపు మీద రెండు గదులు. లొరెయిన్ గారు ఊలు టోపీ పెట్టుకుని, నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పని చెప్పింది.

"మా దగ్గరున్న రికార్డులన్నీ ఇందులోకి ఎక్కించాం. ఏళ్లు పట్టింది. కొందరు వాలంటీర్లు తెలియక ఒకే రికార్డును రెండుసార్లు ఎక్కించారు. అలాంటివి తీసేస్తే కాస్త చోటు దొరుకుతుంది."

"డూప్లికేట్లు తీసేయాలి. అంతేనా?"

"అంతే. మిగతావి ముట్టుకోకు."

ఆవిడ ఏదో చర్చిలో కచేరీ ఉందని వెళ్లిపోయింది. నేను చేతులు రుద్దుకున్నాను. పిచ్చివాడి చేతిలో రాయి అంటారు కానీ, రాయితో ఒకసారికి ఒక తలే పగులుతుంది. నా చేతిలో కీబోర్డు ఉంది.

పాటల జాబితాను పేర్ల వరసలో పెట్టి చూస్తే గుండె ఆగినంత పనైంది. అందులో ఒక పాత పాట ఉంది. ఆఖరి పడవ వెళ్లిపోయాక రేవులో నిలబడిపోయినవాడి గురించి కట్టిన పాట. దాని పేరును మన భాషలో 'ఆఖరి పడవ' అందాం. ఆఖరి పడవ, ఆఖరి పడవ, ఆఖరి పడవ... స్క్రీన్ కిందికి లాగేకొద్దీ రేవు నిండా పడవలే. చాలా పాటలు ఇంతే. 'పాపం, ఈ వాలంటీర్లు! రెండుసార్లా? కొన్నిటిని నలభైసార్లు ఎక్కించారు!' అని జాలిపడ్డాను.

వాయించినవాళ్ల పేర్లు పక్కన లేవా అని మీరడుగుతారు. ఉన్నాయి. అందులో సగం ఖాళీలు, తక్కిన సగం స్పెల్లింగ్ తప్పులు. నమ్మదగని డేటాను పక్కన పెట్టాలని నాకు ఆఫీసులో నేర్పారు. పోనీ, ఇన్నాళ్లు విన్నావు కదా, ఆ మాత్రం తెలియదా అంటారు. నిజంగా తెలియదు. వాళ్లు పాట పేరు చెప్పే సమయానికి నేను ఎప్పుడూ హైవే మీద లేన్ మారుతూ ఉండేదాన్ని.

నాలుగు లైన్ల ప్రోగ్రాం రాశాను. ఒకే పేరుతో ఎన్ని ఫైళ్లున్నా, అన్నిటికన్నా పెద్ద ఫైలును ఉంచు, మిగతావి తీసెయ్. పెద్ద ఫైలంటే మంచి క్వాలిటీ కదా!

మరీ అంత జాగ్రత్త లేనిదాన్ని అనుకోకండి. బ్యాకప్ ఉందో లేదో ముందే చూశాను. పక్కనే రెండో డిస్క్ ఉంది. అయితే అది మొదటి డిస్క్‌లో ఏ మార్పు జరిగినా గంట తిరక్కుండా తానూ అలాగే మారిపోయే పతివ్రత అన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. పని అయ్యాక రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఇల్లు ఊడ్చినవాళ్లు చెత్తను గుమ్మం దగ్గర వదిలేసి పోతారా?

లొరెయిన్ గారు తిరిగొచ్చింది. "ఏమైనా చోటు దొరికిందా?"

"సగం డిస్క్ ఖాళీ!"

"సగమా?" ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. "మావాళ్లు అన్ని తప్పులు చేశారా?"

"ఏం చెప్పమంటారు, చాలా డూప్లికేట్లు ఉన్నాయి."

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "రేపు పది గంటలకు నా షో విను. రేడియోలో నీ పేరు చెప్తాను."

ఆవిడ ఆదివారం షో నేను ఒక్కసారీ వినలేదు. ఆదివారం ఆఫీసు లేదు, ఆఫీసు లేకపోతే కారు లేదు, కారు లేకపోతే రేడియో లేదు. ఇప్పుడు భార్య పేరు రేడియోలో వస్తోందంటే శ్రీకాంత్ కూడా ఉత్సాహపడ్డాడు. ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి వెళ్లి, కారులో కూర్చుని రేడియో పెట్టాం.

సరిగ్గా పదింటికి లొరెయిన్ గారి గొంతు వచ్చింది. "ప్రతి ఆదివారంలాగే ఈ గంటంతా ఒకే పాట. పదిమంది, పది రకాలుగా. ఇవాళ్టి పాట, ఆఖరి పడవ."

నేను ఇడ్లీ ప్లేటు డ్యాష్‌బోర్డు మీద పెట్టేశాను.

"ఒక్కటే పాట పదిసార్లా? గదేం ప్రోగ్రాం?" అన్నాడు శ్రీకాంత్. నా వైపు తిరిగాడు. "మొహం గట్ల వెట్టినవేంది? కారముందా చట్నీ?"

రేడియోలో మౌస్ నొక్కుతున్న చప్పుడు. నిశ్శబ్దం. మళ్లీ మౌస్. "ఒక్క క్షణం" అంది ఆవిడ. తర్వాత పాట మొదలైంది.

పాట అని మర్యాదకు అంటున్నాను. బస్టాండులో నాలుగు బస్సులు ఒకేసారి రివర్స్ తీసుకుంటున్నట్టు ట్రంపెట్లు. వాటి వెనక ఎవరో మెట్ల మీంచి పడేసిన గిన్నెల్లా డ్రమ్స్. ఒక నిమిషం తర్వాత ఒక మాస్టారి కేక: "ఆపండి! ట్రంపెట్లూ, మీరు వేరే పాట వాయిస్తున్నారు! మళ్లీ మొదటి నుంచి!"

విషయం ఏమిటంటే, ఎప్పుడో ఒక హైస్కూల్ బ్యాండ్ రిహార్సల్‌ను ఎవరో మొత్తం రికార్డు చేసి ఆ లైబ్రరీలో పెట్టారు. మహా విద్వాంసులు నాలుగు నిమిషాల్లో ముగించిన పాటను ఆ పిల్లలు అరగంట వాయించారు. అరగంట ఫైలు పెద్దదా, నాలుగు నిమిషాల ఫైలు పెద్దదా? కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లున్నారు. నేను కొండను ఎత్తి అవతల పారేసి, ఎలుకను భద్రంగా దాచాను.

రిహార్సల్ చప్పుడు తగ్గి, లొరెయిన్ గారి గొంతు మళ్లీ వచ్చింది. "శ్రోతలకు ఒక మాట. నిన్న వాసంతి అనే వాలంటీర్ మా లైబ్రరీని శుభ్రం చేసింది."

"నీ పేరు! నీ పేరు చెప్పింది!" శ్రీకాంత్ ఫోన్ తీసి రికార్డింగ్ మొదలుపెట్టాడు.

"వాసంతీ, వింటున్నావా? వింటుంటే దయచేసి ఫోన్ చెయ్యి. ఇప్పుడే."

శ్రీకాంత్ మెల్లగా ఫోన్ దించాడు. "ఏం జేసినవ్?"

నేను స్టేషన్‌కు ఫోన్ చేశాను. రేడియోలో ట్రంపెట్లు మూడోసారి మొదటి నుంచి మొదలుపెట్టాయి.

"మిగతా పడవలన్నీ ఎక్కడున్నాయమ్మా?" అంది లొరెయిన్ గారు.

"డూప్లికేట్లు కదండీ. తీసేశాను."

ట్రంపెట్లు ఫోన్‌లో ఒకసారి, కారులో ఒకసారి వినిపించాయి.

"ఈ ఒక్క పాటవేనా?"

"అన్ని పాటలవీ."

"బయలుదేరి రా" అంది ఆవిడ. కేక వేసినా బాగుండేది.

శ్రీకాంత్ డ్రైవ్ చేశాడు. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాళ్ల గురించి విన్నాను. వాళ్లు కనీసం సొంత ఇల్లు తగలబెట్టుకున్నారు. దారి పొడవునా రేడియో మోగుతూనే ఉంది, ఆపుదామని ఇద్దరికీ తోచలేదు. లొరెయిన్ గారు చెబుతోంది: "ఇవాళ మన అతిథి క్లారెన్స్. ఈ ఊళ్లో ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి, ఈ పాట చరిత్ర చెబుతానని వచ్చాడు. వినిపించడానికి రికార్డులు లేవు కాబట్టి, వాయిస్తానంటున్నాడు."

శాక్సాఫోన్ మొదలైంది. ఒక్కటే వాయిద్యం. అంతకుముందు పావుగంటగా ఆ రిహార్సల్ విని ఉన్నానేమో, పాట ఎలా నడుస్తుందో అప్పటికి నాకు నోటికి వచ్చేసింది. కానీ ఇది ఆ పాట కాదు. పిల్లలు పరిగెత్తుకెళ్లి పడవ అందుకోవాలని చూశారు. క్లారెన్స్ గారి మనిషి పడవ వెళ్లిపోయిందని తెలిసినా తాపీగా రేవుకు నడుస్తున్నాడు. నేను ఏడుపు ఆపి విన్నాను.

"రెండూ ఒకటే పాటనా?" అన్నాడు శ్రీకాంత్.

"పేరు ఒకటే" అన్నాను.

"పేరు చూసి తీసేసినవా?"

నేను మళ్లీ ఏడుపు అందుకున్నాను.

క్లారెన్స్ గారు ముగించగానే లొరెయిన్ గారు, "దగ్గర్లో ఉండి, ఈ పాట వాయించగలిగినవాళ్లెవరైనా వింటుంటే వచ్చేయండి, మెట్ల తలుపు తీసే ఉంది" అని పిలిచింది. మేం చేరేసరికి టైర్ల షాపు ముందు కారు పెట్టడానికి చోటు లేదు. ఒకాయన బేస్ అనే మనిషంత ఎత్తు తీగవాయిద్యాన్ని కౌగిలించుకుని మెట్లెక్కుతున్నాడు. చర్చి నుంచి సగంలో లేచి వచ్చిన ఇద్దరు, గాయకబృందం వేసుకునే గౌన్లలోనే ఉన్నారు. కిందా పైనా మనుషులు. నన్ను చూసి దారి ఇచ్చారు. నేనూ వాయించడానికి వచ్చాననుకున్నారు పాపం.

లోపల లొరెయిన్ గారు నన్ను తిట్టలేదు. కాఫీ కప్పు చేతికిచ్చి కూర్చోమంది. క్లారెన్స్ గారు మాత్రం పక్కకు కుర్చీ లాక్కుని, కేసు విచారించే జడ్జిలా కూర్చున్నాడు.

"నువ్వు స్కూల్లో చదివినప్పుడు మీ క్లాసులో ఎంతమంది వాసంతులు ఉండేవారు?"

"ముగ్గురండీ."

"మీ టీచరు అందులో ఎవర్ని ఉంచింది?"

ఆయనే అందించాడు:

"అందరికన్నా లావుగా ఉన్నమ్మాయినా?"

గదిలో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కన్నీళ్లతో పాటు. అప్పుడాయన గొంతు తగ్గించి అడిగాడు. "నేనూ వాల్టర్ కలిసి వాయించినది ఉందేమో చూడు. వాల్టర్ నా స్నేహితుడు, బేస్ వాయించేవాడు. ఈ గదిలోనే వాయించాం. ఆ ఏడాదే పోయాడు."

వెతికాను. లేదు. రెండో డిస్క్‌లో వెతికాను. లేదు. దుకాణంలో కొన్న రికార్డులైతే కింద బేస్‌మెంట్‌లో పెట్టెల్లో ఉన్నాయి, మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఊరివాళ్లు ఆ గదిలో కూర్చుని వాయించినవాటికి మాత్రం వేరే రికార్డులు లేవు. లేదని చెప్పాను. ఆయన "సరే" అన్నాడు. ఆ ఒక్క మాట అని, శాక్సాఫోన్ తీసుకుని వాయించడానికి వెళ్లాడు.

పదింటికి మొదలైన షో పదకొండుకు అయిపోవాలి. మధ్యాహ్నం ఒంటిగంట దాటినా అవలేదు. ఆ రోజు ఆఖరి పడవ పదిసార్లు కాదు, పద్నాలుగుసార్లు బయలుదేరింది. మధ్యలో ఒక రిటైరైన మ్యూజిక్ మాస్టారు ఫోన్ చేశాడు. "ఇన్నేళ్లకు మా పిల్లల్ని రేడియోలో వేశారు! ఆ కేక నాదే!" అని సంబరపడిపోయాడు. లొరెయిన్ గారు నా వైపు చూసి, "నీ వల్ల ఒక్కరైనా సంతోషించారు" అంది.

ఇక శిక్ష. మరుసటి శనివారం నుంచి నేను బేస్‌మెంట్‌లో కూర్చుని రికార్డులు మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాను. ఆఫీసులో ఎంత పెద్ద పనినైనా వేగంగా చేసే ఉపాయాలు నాకు తెలుసు. ఇక్కడ ఏ ఉపాయమూ పనిచేయదు. నలభై నిమిషాల రికార్డు ఎక్కాలంటే నలభై నిమిషాలు పడుతుంది. అంతసేపూ పక్కన కూర్చుని వినాలి, రికార్డు ప్లేయర్ ముల్లు ఎగిరితే మళ్లీ మొదటి నుంచి. శ్రీకాంత్ కూడా వచ్చి రికార్డుల దుమ్ము తుడిచేవాడు. "నీకన్న నేనే నయం, తుడుస్త గని తుడిచెయ్య" అనేవాడు. ఎన్ని శనివారాలు గడిచాయో లెక్కపెట్టలేదు. రెండు వానాకాలాలు మాత్రం చూశాం, అయినా సియాటిల్‌లో దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

ఊరివాళ్ల పాటల కోసం లొరెయిన్ గారు రోజూ రేడియోలో అడిగేది: "ఎప్పుడైనా మా ప్రోగ్రాం ఇంట్లో టేప్ చేసుకుని ఉంటే, ఒకసారి ఇవ్వండి." జనం ఇచ్చారు. చెప్పుల పెట్టెల్లో, బిస్కెట్ డబ్బాల్లో క్యాసెట్లు వచ్చాయి. కొన్నిటిలో కుక్కలు మొరిగాయి, ఒకదానిలో ఎవరో ఫుట్‌బాల్ స్కోరు అడిగారు. ఒక రోజు ఒక పెద్దావిడ చేతికర్ర మీద మెట్లెక్కి వచ్చి, చీరకొంగులో ముడి విప్పినంత భద్రంగా చేతిరుమాల్లోంచి ఒక క్యాసెట్ తీసింది. వంటింట్లో రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టి పట్టిందట.

క్యాసెట్ మీద రెండు పేర్లున్నాయి. క్లారెన్స్, వాల్టర్.

లొరెయిన్ గారు ఫోన్ చేస్తే ఆయన అరగంటలో వచ్చాడు. టేప్ పెట్టాం. శాక్సాఫోన్ వెనక బేస్, మెల్లగా, పెద్ద అడుగులు వేస్తున్నట్టు. పాట నడుమ పెనంలో ఏదో చుయ్‌మంది. వాల్టర్ గారు ఒంటరిగా వాయించే చోట సరిగ్గా ఒక మగగొంతు గట్టిగా, "ఆ రేడియో ఆపి అన్నం పెట్టవే!" అన్న అర్థం వచ్చే మాటేదో ఇంగ్లీషులో అరిచింది.

పెద్దావిడ ముఖం ఎర్రబడింది. "మా ఆయన. పోయి తొమ్మిదేళ్లయింది."

"నేను ఆ అరుపు తీసేయగలను" అన్నాను. నిజంగానే తీసేయగలను, దానికి సాఫ్ట్‌వేర్ ఉంది.

క్లారెన్స్ గారూ, లొరెయిన్ గారూ, ఆ పెద్దావిడా, ముగ్గురూ ఒక్కసారిగా, "ముట్టుకోకు!" అన్నారు.

అది ఇప్పటికీ ఆ అరుపుతోనే రేడియోలో వస్తుంది. క్లారెన్స్ గారు ఆ టేప్‌ను ఆ రోజు మా అందరికీ మూడుసార్లు వినిపించాడు. మూడోసారి వాల్టర్ గారి వంతు వచ్చినప్పుడు కళ్లు మూసుకుని, మోకాలి మీద వేళ్లతో తాళం వేశాడు. అరుపు దగ్గర మాత్రం నవ్వాడు.

ఆ సాయంత్రం లొరెయిన్ గారు నాకు లైబ్రరీలో సొంత లాగిన్ ఇచ్చింది. ఆఫీసులో నేను ఒక్క కమాండ్‌తో ఊరూరా ఉన్న సర్వర్లను పడుకోబెట్టగల మనిషిని. ఇక్కడ నా లాగిన్‌కు ఇచ్చిన అధికారం ఒక్కటే: చూడవచ్చు, వినవచ్చు. అంతే. దానితో పాటు ఒక కాగితం రాసి నాచేత సంతకం పెట్టించింది. క్లారెన్స్ గారు, శ్రీకాంత్ సాక్షులు. ఆ ప్రమాణాన్ని తెలుగులో ఇక్కడ దాఖలు చేస్తున్నాను:

"వాసంతి అను నేను, సంపూర్ణ స్పృహతో చేయు ప్రమాణమేమనగా: పేరు చూసి పాటను గానీ, పరిమాణం చూసి ప్రతిభను గానీ నిర్ణయించను. చివరిదాకా వినకుండా ఏ చప్పుడునూ చెరపను. అడిగిన సాయం చేసెదను, అడిగినదానికన్నా ఎక్కువ సాయం ఎన్నడూ చేయను. ఇందుకు కాఫీ సాక్షి, సాక్షులు సాక్షులు."

దాన్ని వాళ్లు స్కాన్ చేసి లైబ్రరీలో పెట్టారు. స్టేషన్‌కు కొత్తగా వచ్చే ప్రతి వాలంటీరూ మొదటి రోజు ముందుగా చదవాల్సింది అదే. తెరవగానే పైన నా పేరు, కింద నా సంతకం. అవమానంగా ఉంది, తీసేయమని చాలాసార్లు అడిగాను. నవ్వుతారు తప్ప తీయరు. నేనే తీసేద్దామా అంటే, ఆ పర్మిషన్ నాకు లేదు.